ల్యూట్ సందేహాలు: గీత ఒకచోట, బరువు ఇంకోచోట

పోయిన నెల ఈ శీర్షికలో ల్యూట్ గురించి నాలుగు మాటలు రాశాను. సగానికి కోసిన బేరికాయ లాంటి బుర్ర, జంట తీగలు, మెడ చుట్టూ పేగు తీగతో కట్టిన మెట్లు, వెనక్కి విరిచినట్టుండే తల, అరబ్బుల ఊద్ నుంచి పుట్టి యూరప్ అంతా తిరిగిన వాద్యం అని. అంతే, ఉత్తరాలు వచ్చిపడ్డాయి. వాటిలో చాలామంది అడిగింది తిప్పి తిప్పి ఒకే సంగతి: ఈ పాత సంగీతంలో లెక్క ఎందుకు కుదరడం లేదు? కాబట్టి ఈ నెల పేజీ అంతా దానికే.

ప్రశ్న: ఆరేళ్లుగా క్లాసికల్ గిటార్ వాయిస్తున్నాను. ఈమధ్య ఇంగ్లండ్ ల్యూట్ విద్వాంసుడు జాన్ డౌలండ్ పాట 'కెన్ షి ఎక్స్‌క్యూజ్' మొదలుపెట్టాను. నా పుస్తకంలో బార్‌కి (అంటే రెండు నిలువు గీతల మధ్య భాగానికి) ఆరు బీట్లు వేసి ఉన్నాయి. మెట్రోనోమ్ (సమానంగా టిక్కుమంటూ లెక్క చెప్పే పరికరం) పెట్టుకుని ఒకటో బీట్ మీద, నాలుగో బీట్ మీద కొంచెం గట్టిగా కొడుతూ సాధన చేస్తున్నా. ఒక్క స్వరం తప్పు పోవడం లేదు, కానీ వింటే కుంటుతున్నట్టు ఉంటుంది. రికార్డింగుల్లో అదే పాట గాల్లో తేలినట్టు వెళ్తుంది. పుస్తకం తప్పా, నాది తప్పా? (విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పుస్తకంలో తప్పు లేదండీ, మీ చేతుల్లోనూ లేదు. బార్ మొదట్లో బరువు ఉండి తీరాలన్న నమ్మకం ఒక్కటే పక్కన పెట్టాలి. అది ఆ తర్వాతి కాలాల సంగీతం నుంచి మనకు అలవాటైన నమ్మకం, డౌలండ్ నాటి వాళ్లకు అంత గట్టిగా లేనిది.

ఒక పని చేయండి. గిటార్ పక్కన పెట్టి తొడ మీద చేత్తో సమానంగా ఆరు దెబ్బలు వేస్తూ నోటితో "తకిట తకిట" అనండి. మళ్లీ అవే ఆరు దెబ్బలు, అదే వేగం, ఈసారి "తక తక తక". చెయ్యి చేసే పని రవ్వంత కూడా మారలేదు, కానీ మొదటిసారి బరువు ఒకటి మీద, నాలుగు మీద పడింది, రెండోసారి ఒకటి, మూడు, అయిదు మీద పడింది. ఇప్పుడు రెండూ కలిపి ఆపకుండా చెప్పండి: తకిట తకిట తక తక తక, తకిట తకిట తక తక తక. మలుపు దగ్గర ఒళ్లు ఒక పక్కకు ఒరిగి మళ్లీ సర్దుకున్నట్టు ఉంటుంది చూశారా, మీ పాట నడిచేదే ఆ ఒరుగు మీద. యూరప్ సంగీతంలో దీనికి హెమియోలా అని పేరు, గ్రీకులో 'ఒకటిన్నర' అని అర్థం, ఎందుకంటే రెండు పెద్ద దెబ్బలు పట్టే చోట మూడు పడుతున్నాయి. మీ పుస్తకం ఆరు బీట్ల బార్ వేసింది, నిజమే, కానీ ఆ ఆరూ రెండు మూళ్లా, మూడు రెళ్లా అన్నది బార్ చెప్పదు. పాటలో ఒకసారి ఇది, ఒకసారి అది. మీరు అన్నిచోట్లా ఒకటి, నాలుగు మీదే గట్టిగా కొడుతున్నారు కాబట్టి, మూడు రెళ్లుగా నడవాల్సిన చోట సరిగ్గా నడక మధ్యలో పాటకి అడ్డం పడుతున్నారు. మీకు వినిపిస్తున్న కుంటు అదే.

ఈ పాట 1597లో డౌలండ్ అచ్చువేయించిన మొదటి పాటల పుస్తకంలోది. 1604లో ఆయన వేసిన 'లాక్రిమే' సంపుటిలో ఇదే బాణీ మాటలు లేకుండా ఎసెక్స్ ప్రభువు పేరుతో గాలియార్డ్‌గా వస్తుంది (ఆ ప్రభువుకి 1601లోనే రాణి ఎలిజబెత్ ప్రభుత్వం మరణశిక్ష వేసేసింది). అంటే మీరు వాయిస్తున్నది పాటే కాదు, ఒక నాట్యం కూడా. గాలియార్డ్ అడుగులు తెలిస్తే ఇదంతా సగం తేలికవుతుంది. ఫ్రాన్స్‌లోని లాంగ్ర్ ఊళ్లో ఒక చర్చి అధికారి త్వానో ఆర్బో అనే కలం పేరుతో 1589లో నాట్యం మీద పుస్తకం వేశాడు. గురుశిష్యుల ప్రశ్నలు జవాబుల రూపంలోనే ఉంటుంది, మన ఈ శీర్షిక లాగే, పైగా బాణీలోని స్వరాలను పేజీలో పైనుంచి కిందికి నిలువుగా పేర్చి ప్రతి స్వరం పక్కనా అక్కడ వేయాల్సిన అడుగు రాశాడు, నాకు ఆ ఆలోచన ఎంత ఇష్టమో చెప్పలేను. ఆయన చెప్పిన ప్రకారం గాలియార్డ్‌లో మొదటి నాలుగు బీట్లకి నాలుగు అడుగులు, అయిదో బీట్‌లో గాల్లోకి ఎగరడం, ఆరో బీట్‌లో నేల మీదికి దిగి నిలవడం. ఆరు బీట్లకి అయిదు అడుగులు, అందుకే దాన్ని అయిదు అడుగుల నాట్యం అనేవాళ్లు. రికార్డింగ్ గాల్లో తేలినట్టు ఉందన్నారు కదా, నాట్యం చేసేవాళ్లు అయిదో బీట్‌కి నిజంగానే గాల్లో ఉంటారండీ. నాలుగో బీట్ మీద మీరు సుత్తితో కొట్టినట్టు కొడితే వాళ్లు ఎగరడానికి చోటు లేకుండా పోతుంది.

ఈ పాటనే నేను దాదాపు ఏడాదిపాటు మీరు వాయిస్తున్నట్టే వాయించాను. మృదంగం నేర్చుకున్న మిత్రుడు ఒకరోజు ఇంటికి వచ్చి, పుస్తకం చూడకుండా కళ్లు మూసుకుని వింటూ చేత్తో లెక్క వేయడం మొదలుపెట్టారు. ఆయన చెయ్యి నా బార్లతో కలవలేదు. కొన్నిచోట్ల రెండుకి ఒకసారి పడింది, కొన్నిచోట్ల మూడుకి ఒకసారి. ఆయన బేస్ తీగలు (అన్నిటికంటే మందమైన స్వరాలు పలికేవి) విని వేస్తున్నారని నాకు చాలాసేపటికి గానీ తెలియలేదు. ఆ రోజు నుంచి ఏ పాత ల్యూట్ రచన తీసుకున్నా ముందు బేస్ ఒక్కటే వాయిస్తాను. మీరూ మూడు రోజులు అదే చేయండి, పై స్వరాలన్నీ వదిలేసి బొటనవేలు ఒక్కటే. ఎక్కడ బేస్ కదులుతోందో, ఎక్కడ నిలబడిందో చెవికి పట్టాక పెన్సిల్‌తో రెళ్ల మీద, మూళ్ల మీద చిన్న చాపం గీసుకోండి. మెట్రోనోమ్ వాడాలనుకుంటే ఆరు బీట్లకి ఒక్కసారే మోగేలా పెట్టండి, లోపల ఎలా విడగొట్టాలో మీ చేతికే వదిలేయండి.

ఈ పాట మూడో భాగం దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడ గొంతు ఎక్కువసేపు ఒకే స్వరం మీద నిలబడి మాటలు తొందరగా చెబుతుంది, కింద ల్యూట్‌లో లోపలి స్వరంగా ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో అందరికీ తెలిసిన ఇంకో జానపద బాణీ, 'వుడ్స్ సో వైల్డ్', వినిపిస్తుంది. గిటార్ వాళ్లు చాలామంది పై స్వరాన్నే పాట అనుకుని దాన్ని గట్టిగా వాయించి, అసలు విశేషాన్ని అణిచేస్తారు. పై స్వరం తగ్గించండి, లోపలిది పైకి రానివ్వండి.

ప్రశ్న: నాకు వాద్యం రాదు, సంగీతం వినడమే. బార్ గీత దగ్గర బరువు లేకపోతే ఆ గీత ఎందుకు గీసినట్టు? ల్యూట్ సంగీతం కాగితం మీద ఎలా రాసేవాళ్లో కూడా కాస్త వివరంగా చెప్పగలరా? (తెనాలి నుంచి విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు)

జవాబు: మాస్టారూ, ఈ ప్రశ్నకి జవాబు మీ క్లాసులోనే ఉంది. ఉత్పలమాల పాదం బోర్డు మీద రాసి గురులఘువులు పెట్టి భ ర న భ భ ర వ అని గీతలు గీయించి ఉంటారు కదా, ఆ గీత ఎన్నిసార్లు మాట మధ్యలో పడుతుంది! పద్యం చదివేటప్పుడు మీరు ఆ గీత దగ్గర ఆగరు, మాట ఎక్కడ పూర్తవుతుందో అక్కడ ఆగుతారు. గణం ఉన్నది కొలవడానికి, విరుపు ఉన్నది అర్థం కోసం, రెండూ ఒకేచోట పడాలని ఎవరూ అనరు. ల్యూట్ పుస్తకాల్లో నిలువు గీత కూడా చాలావరకు గణవిభజన లాంటిదే. ఇక్కడికి ఇంత కాలం గడిచింది అని చెబుతుంది, కన్ను దారి తప్పకుండా చూస్తుంది, ఇక్కడ గట్టిగా కొట్టమని చెప్పదు.

ఇక రాత సంగతి. దాన్ని టాబ్లేచర్ అంటారు. ల్యూట్‌కి ఆరు జంట తీగల వరసలు అనుకుంటే (పైది మామూలుగా ఒంటి తీగ, తర్వాతి కాలంలో కింద ఇంకా తీగలు చేరాయి) కాగితం మీద ఆరు అడ్డగీతలు. ఏ తీగ మీద ఏ మెట్టు దగ్గర వేలు పెట్టాలో ఆ గీత మీద రాస్తారు. ఇటలీ వాళ్లు అంకెలు రాశారు, సున్నా అంటే ఉత్త తీగ. ఫ్రెంచి వాళ్లు, ఇంగ్లండ్ వాళ్లు అక్షరాలు రాశారు, 'ఎ' అంటే ఉత్త తీగ. ఇటలీ పద్ధతిలో అన్నిటికంటే కింది గీత అన్నిటికంటే హెచ్చు స్వరం పలికే తీగ, వాద్యం ఒళ్లో పెట్టుకుని వంగి చూస్తే కనిపించే వరస అది. స్వరం పేరు ఎక్కడా ఉండదు. మన సరిగమలు తెలియకపోయినా చేతులు చెప్పినట్టు చేస్తే సంగీతం పలుకుతుంది. 1507లో వెనిస్ నగరంలో ఒత్తావియానో పెట్రూచ్చి ముద్రించిన స్పినాచినో పుస్తకం మనకు మిగిలిన తొలి అచ్చు ల్యూట్ పుస్తకం, పెట్రూచ్చి తన ల్యూట్ పుస్తకాల ముందు వాయించే పద్ధతి వివరిస్తూ పెట్టిన పేజీకి శీర్షికే 'పాడడం రానివారి కోసం నియమం'.

కాలం మాట? అడ్డగీతల పైన చిన్న కర్రలు, వాటికి తోకలు. తోకలు పెరిగే కొద్దీ వేగం. ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఆ కర్ర చెప్పేది ఈ దెబ్బకీ తర్వాతి దెబ్బకీ మధ్య ఎంత కాలం అన్నది మాత్రమే. ఏ స్వరం ఎంతసేపు మోగాలో చెప్పదు. బేస్ స్వరం నాలుగు దెబ్బలపాటు మోగుతూ ఉండవచ్చు, దాని మీద పై స్వరం మూడు సార్లు కదలవచ్చు, కాగితం మీద మాత్రం అన్నీ ఒకే వరసలో సమానమైన దెబ్బల్లా కనిపిస్తాయి. అందుకే లోపల ఉన్న గుంపులు కంటికి దొరకవు.

ఇంకో సంగతి కూడా ఉంది, నాకు దీనిమీద ప్రత్యేకమైన ప్రేమ. అదే కాలంలో పాడేవాళ్ల స్వరలిపిలో స్వరాలు లోపల తెల్లగా ఖాళీగా ఉండేవి. మూళ్ల నడకలో హఠాత్తుగా రెళ్లు వస్తున్నాయంటే ఆ స్వరాలకు లోపల నల్ల రంగు నింపేవాళ్లు. గాయకుడి కంటికి నలుపు కనిపించగానే నడక మారిందని అర్థమయ్యేది. వాళ్ల పుస్తకాల్లో బార్ గీతలు కూడా ఉండేవి కావు, మాటనీ స్వరాన్నీ పట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. ఆ పాటలనే ల్యూట్ మీదికి ఎక్కించినప్పుడు తోకలున్న కర్రలు మిగిలాయి కానీ ఆ నలుపు మిగల్లేదు. పైగా కొత్తగా నిలువు గీతలు వచ్చి చేరాయి. గుంపు ఎక్కడుందో చెప్పే గుర్తు పోయి, గుంపుతో సంబంధం లేని గుర్తు వచ్చింది. దాగి ఉంది, దాగి ఉంది అంటున్నాం కానీ ఎవరో కావాలని దాచింది కాదు, ఒక రాత నుంచి ఇంకో రాతకి మారేటప్పుడు జారిపోయింది.

స్పెయిన్‌లో లూయిస్ మిలాన్ 1536లో వాలెన్సియాలో అచ్చువేయించిన 'ఎల్ మాయెస్త్రో' చూస్తే గీత పని ఇంకా స్పష్టంగా తెలుస్తుంది (అది ల్యూట్‌కి కాదు, దాదాపు అదే శ్రుతి వరస ఉన్న విహువేలా అనే స్పెయిన్ తీగ వాద్యానికి). ఒక్కో బార్ ఒక్కో కొంపాస్, అంటే చెయ్యో కాలో ఒకసారి దించి ఒకసారి ఎత్తడానికి పట్టే సమానమైన కాలం అని ఆయనే వివరించాడు. తాళం వేసినట్టే అనుకోండి. ఏ రచన నెమ్మదిగా వాయించాలో, ఏది తొందరగా వాయించాలో అచ్చులో చెప్పిన తొలివాళ్లలో ఒకడు కూడా ఆయనే.

అయితే టాబ్లేచర్ ఒక చోట మాత్రం గుట్టు విప్పుతుంది. కొన్ని అంకెల కింద చిన్న చుక్క ఉంటుంది. చుక్క లేని స్వరాన్ని బొటనవేలితో కిందికి, చుక్క ఉన్నదాన్ని చూపుడువేలితో పైకి మీటాలి. బొటనవేలి దెబ్బ సహజంగానే బరువు, చూపుడువేలిది తేలిక. వేగంగా ఒకే నడకలో పోయే స్వరాల వరసలో బొటన, చూపుడు, బొటన, చూపుడు అని పోతూ పోతూ ఒకచోట రెండు బొటనవేళ్లు పక్కపక్కన వచ్చాయంటే నేను అక్కడ ఆగి చూస్తాను, అక్కడ కొత్త గుంపు మొదలయ్యే అవకాశం బాగా ఉంది. అయిదు వందల ఏళ్ల నాటి చెయ్యి బరువు ఆ చుక్కల్లో మిగిలి ఉందండీ.

ప్రశ్న: వీణ నేర్చుకుంటున్నాను. మీరు ల్యూట్ గురించి రాసింది చదివి కొన్ని రికార్డింగులు విన్నాను. రెళ్లు మూళ్లు మారడం వింటే మన తిశ్ర గతే అనిపించింది. రెండూ ఒకటేనా? వాళ్లు మన దగ్గర నేర్చుకున్నారా? (రాజమహేంద్రవరం నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: రెండో ప్రశ్నకి ముందు చెబుతానమ్మా: లేదు. ఆ వాద్యం అరబ్బుల ద్వారా యూరప్‌కి చేరింది, ఆ లెక్క మాత్రం వాళ్ల మధ్యయుగపు చర్చి గాయకుల స్వరలిపి నుంచి వాళ్లే పెంచుకున్నది. పోలిక కనిపించిన ప్రతిచోటా ఇచ్చిపుచ్చుకోవడం ఉండాలని లేదు.

మొదటి ప్రశ్న చాలా మంచిది, ఎందుకంటే అందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. గతి మార్చినప్పుడు నీ చెయ్యి వేసే తాళం కదలదు. ఒక్కో దెబ్బకి నాలుగు అక్షరాలు పడే చోట మూడు పడతాయి, అంటే అక్షరం పొడవు మారుతుంది. హెమియోలాలో దీనికి ఎదురు. చిన్న అక్షరం పొడవు అలాగే ఉంటుంది, వాటిని కట్టే మూట మారుతుంది. అంటే అది గతిభేదం కన్నా, మృదంగంలో తాళం చెడకుండా ఎనిమిది అక్షరాలను తకిట తకిట తక అని మూడు, మూడు, రెండుగా వాయిస్తారే, దానికి దగ్గర. ఆ మూడు, మూడు, రెండు కట్టు ఇటలీ ల్యూట్ రచనల్లో అడుగడుగునా వినిపిస్తుంది, బార్ ఏమో నాలుగు, నాలుగు అంటూ ఉంటుంది.

నువ్వన్న గతి మార్పు లాంటిది కూడా వాళ్ల దగ్గర లేకపోలేదు. సెస్క్వియాల్టెరా అంటారు, చెయ్యి దిగి లేచే కాలంలో రెండు పట్టేచోట మూడు. నాట్యాల జంటల్లో దీన్ని బాగా వినవచ్చు. ముందు రెళ్ల నడకలో నిదానంగా ఒక నాట్యం, వెంటనే అదే బాణీ మూళ్లలోకి మారి గెంతుతూ రెండోది. న్యూరెంబర్గ్‌లో హాన్స్ న్యూసిడ్లర్ ల్యూట్ పుస్తకాల్లో ఆ రెండోదానికి పేరే 'హుప్‌ఫ్ ఔఫ్', ఎగురు అని. ఇటలీలో దాల్జా ఇంకో మెట్టు ముందుకు వెళ్లాడు. 1508 నాటి ఆయన పుస్తకంలో ప్రతి పవానాకీ దాని సాల్టరెల్లో, దాని పీవా (మూడూ నాట్యాల పేర్లే) ఉన్నాయని రాసిపెట్టారు. ఒకదాని తర్వాత ఒకటి మూడూ ఆపకుండా విను, బేస్ మీద చెవి పెట్టి విను. నీకు గతి తెలుసు కాబట్టి గిటార్ వాళ్ల కంటే తొందరగా పట్టుకుంటావు.

ఇంకో పోలిక కూడా చెబుతాను. వీణ మీద తానం వాయించేటప్పుడు తాళం ఉండదు, అయినా మూళ్లు, నాలుగులు, అయిదులు గుంపులు గుంపులుగా పుడుతూనే ఉంటాయి కదా. 17వ శతాబ్దపు ఫ్రెంచి ల్యూట్ వాళ్లు, ముఖ్యంగా దెనీ గోత్యే, కాలం గుర్తులు లేకుండా ప్రెల్యూడ్లు (మొదట్లో వాయించే చిన్న రచనలు) రాశారు. అక్షరాలు మాత్రమే ఉంటాయి, ఎంతసేపో ఉండదు. ఎక్కడ గుంపు కట్టాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో వాయించేవాళ్లే చూసుకోవాలి. తానం చెయ్యి తిరిగినవాళ్లకి ఆ కాగితం చూస్తే భయం వేయదని నా నమ్మకం. నీకు ఎప్పుడైనా ల్యూట్ చేతికి దొరికితే ముందు వాటినే వాయించు.

ప్రశ్న: ల్యూట్ కొనే స్తోమత లేదు. ఉన్న గిటార్ మీదే టాబ్లేచర్ నేరుగా చదివి వాయించవచ్చా? (హైదరాబాద్)

జవాబు: వాయించవచ్చు. మూడో తీగని అర స్వరం దించండి, అంతే, ఆరు వరసల ల్యూట్ తీగల మధ్య ఉండే దూరాలే గిటార్‌కీ వస్తాయి. మూడో ఫ్రెట్ (మెట్టు) దగ్గర కాపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు, పెడితే మామూలు ల్యూట్ శ్రుతి కూడా దాదాపు కుదురుతుంది. డౌలండ్ కాలపు రచనల్లో ఆరు వరసల కంటే కింద ఉన్న బేస్ తీగలు వస్తే వాటిని ఒక స్థాయి పైన వాయించుకోవాలి.

ప్రశ్న: ఇటలీ ల్యూట్ విద్వాంసుడు ఫ్రాన్చెస్కో ద మిలానో ఫాంటసియా (మాటలు లేని ఒక రకం రచన) ఒకటి టాబ్లేచర్ నుంచి మామూలు స్టాఫ్ (అయిదు గీతల స్వరలిపి) మీదికి రాసుకుంటున్నాను. పాత గీతలు నాలుగేసి బీట్లకి ఉన్నాయి, నా చెవికి మాత్రం చాలాచోట్ల మూళ్లు వినిపిస్తున్నాయి. గీతలు నాకు నచ్చినట్టు మార్చి రాసుకోవచ్చా? అసలు ఆ మూళ్లు నిజంగా ఉన్నాయా, నేను ఊహించుకుంటున్నానా అన్న టెన్షన్ కూడా ఉంది. (కరీంనగర్)

జవాబు: ఆ టెన్షన్ ఉండడం మంచిదే, ఎందుకంటే ఒకసారి ఈ రుచి మరిగాక ఎక్కడ చూసినా మూళ్లే కనిపిస్తాయి. పన్నెండు బీట్లు ఇస్తే వాటిని మూడు నాలుగులుగానూ కట్టవచ్చు, నాలుగు మూళ్లుగానూ కట్టవచ్చు, అంకెలు రెండిటికీ ఒప్పుకుంటాయి. కాబట్టి అంకెల్ని సాక్ష్యం అడగకండి, స్వరాల్ని అడగండి.

నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మే సాక్ష్యం స్వరాల రాపిడి. ఒక స్వరం కదలకుండా పట్టుకుని ఉండగా కింద బేస్ మారుతుంది, రెండూ ఒరుసుకుంటాయి, తర్వాత ఆ పై స్వరం ఒక మెట్టు దిగి సర్దుకుంటుంది. ఫ్రాన్చెస్కో (1497లో పుట్టి 1543లో పోయాడు, బతికి ఉండగానే దైవాంశ ఉన్నవాడని పిలిపించుకున్నాడు) నాటి స్వరరచనలో ఆ ఒరుపు బరువైన చోట పడాలి, సర్దుబాటు తేలికైన చోట పడాలి. అది దాదాపు వ్యాకరణ నియమం లాంటిది. మీ కాగితం మీద ఒరుపు బార్‌లో తేలికైన బీట్ దగ్గర పడి కనిపిస్తే గీత బరువుతో కలవడం లేదని గట్టిగా అనవచ్చు. ఇది ఒక్కటి దొరికితే మిగతా అన్నిటికంటే దీనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

తర్వాత చూడాల్సింది ఒకే ఆకారం మళ్లీ మళ్లీ రావడం. ఒక చిన్న పలుకు, అదే పలుకు ఒక స్వరం కింద, మళ్లీ ఇంకో స్వరం కింద. ఒక్కోటి మూడేసి బీట్లు తీసుకుంటుంటే ఆ మూళ్లు మీ ఊహ కాదు, ఆయన కట్టినవే. ఫాంటసియాల్లో ఒక గొంతు (అంటే విడిగా నడిచే ఒక స్వరాల వరస) అన్న మాట ఇంకో గొంతు అందుకుంటుంది, రెండోది అందుకునే చోటు కూడా మంచి గుర్తు. కార్డ్ (ఒకేసారి కలిసి మోగే స్వరాలు) ఎక్కడ మారుతోందో కూడా చూడండి. ఇవేవీ లేకుండా చెవికి మాత్రమే మూళ్లు వినిపిస్తుంటే నేనైతే వదిలేస్తాను, మనసుకి ఎంత నచ్చినా సరే.

ఒక హెచ్చరిక. పాత అచ్చుల్లో, చేతిరాత ప్రతుల్లో కాలం చెప్పే కర్రలు తప్పు పడడం, ఒకటి రాయడం మరిచిపోవడం మామూలే. కర్ర ఒకటి పోతే అక్కడి నుంచి అంతా అర బీట్ జరిగిపోయి ఎంతో విచిత్రమైన గుంపులు పుట్టుకొస్తాయి. ఏదో కొత్తది కనిపెట్టానని సంబరపడే ముందు ఆ వరసలో కాలం మొత్తం కూడి చూడండి. అదే రచన ఇంకో ప్రతిలో దొరికితే పక్కన పెట్టి చూడండి, ఫ్రాన్చెస్కో రచనలు చాలా పుస్తకాల్లో ఉన్నాయి కాబట్టి మీకు ఆ వీలు ఉంది.

స్వరాలు ఎంతసేపు పట్టి ఉంచాలన్న దగ్గర ఇంకో ఇటలీ ల్యూట్ విద్వాంసుడు విన్చెంజో కాపిరోలా మాట వినండి. 1517 ప్రాంతంలో ఆయన రచనలను వెనిస్‌లో శిష్యుడొకరు రాసి ఉంచాడు. సంగీతం తెలియనివాళ్ల చేతిలో పడినా బొమ్మల అందం చూసైనా దాచుకుంటారని పేజీల అంచుల నిండా జంతువులనీ పక్షులనీ రంగుల్లో వేశాడు. అలాగే జరిగింది, ఆ పుస్తకం ఇప్పుడు షికాగో న్యూబెరీ లైబ్రరీలో ఉంది. అందులో ముందుమాటలో చెప్పింది ఇది: ఒకసారి పెట్టిన వేలిని, తర్వాతి స్వరం లేపమని బలవంతం చేసేదాకా లేపవద్దు. మీరు స్టాఫ్ మీదికి రాసేటప్పుడు ఇదే సూత్రం పాటిస్తే బేస్ స్వరాలు వాటంతట అవే పొడుగై, ఏది ఏ గొంతుదో విడిపోతుంది. టాబ్లేచర్‌లో ఒకే వరసలా ఉన్నది మూడు గొంతులుగా విడిపోయాక మూళ్లు ఒక గొంతులోనే ఉన్నాయని, మిగతా రెండూ రెళ్లలోనే నడుస్తున్నాయని తేలవచ్చు. అలా తేలితే గీత మార్చడానికి వీల్లేదు, ఒక గొంతు కోసం మార్చితే ఇంకోదానికి అన్యాయం అవుతుంది.

అందుకే గీతలు మార్చడం నాకు ఇష్టం ఉండదు. కొన్ని కొత్త ఎడిషన్లు ఆ పని చేస్తాయి, బార్ బార్‌కీ అంకెలు మారిపోతూ, చూడడానికే గజిబిజిగా ఉంటాయి, పైగా అసలు కాగితం మీద ఏముందో మనకి తెలియకుండా పోతుంది. మీరు పాత గీతలను అలాగే ఉంచి, మీకు వినిపించిన గుంపుల మీద పెన్సిల్‌తో బ్రాకెట్లు పెట్టండి, ఏ గొంతులో అయితే ఆ గొంతు పక్కనే. పెన్ వద్దు. ఆర్నెల్ల తర్వాత మళ్లీ వాయిస్తే వాటిలో కొన్ని చెరిపేస్తారు, ఇప్పుడు కనిపించనివి కొన్ని కొత్తగా పెడతారు. నా కాపీలో ఒకే వరస మీద మూడు రకాల బ్రాకెట్లు చెరిపిన గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి, నాలుగోది పోయిన వారమే పెట్టాను.